పై మెట్టుకు టిక్కు పెట్టిన నర్సులు అసలు ఏం కోరుకున్నారు: ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రుల గ్రూపు తమ ఉద్యోగుల యాప్‌లో కొత్తగా "కెరీర్" అనే భాగం పెట్టాలనుకుంది. ఆ యాప్‌లో అప్పటికే డ్యూటీ రోస్టర్, సెలవు దరఖాస్తు, జీతం స్లిప్పు ఉన్నాయి. నర్సులు చేరిన ఏడాదికో రెండేళ్లకో వెళ్లిపోతున్నారు, ఇక్కడే భవిష్యత్తు ఉందని కనిపిస్తే ఆగుతారు అన్నది యాజమాన్యం ఆలోచన. స్టాఫ్ నర్స్, సీనియర్ స్టాఫ్ నర్స్, టీమ్ లీడర్, ఇన్‌చార్జ్, సూపర్‌వైజర్, నర్సింగ్ సూపరింటెండెంట్ అని ఒక నిచ్చెన బొమ్మ కూడా గీసి ఉంచారు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో, పై మెట్టుకు ఇంకా ఎన్ని పాయింట్లు కావాలో చూపిస్తే చాలన్నారు. ఆ స్క్రీన్ డిజైన్ మొదలుకాకముందు యూజర్ రీసెర్చ్ చేయడం, అంటే దాన్ని వాడబోయే మనుషులతో మాట్లాడి వాళ్లకేం కావాలో తెలుసుకోవడం, మా పని.

వాళ్ల చేతిలో ఒక సర్వే ఉంది. "వచ్చే ఐదేళ్లలో ఏ స్థాయికి చేరాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్నకు ఎక్కువమంది పై మెట్టుకు టిక్కు పెట్టారు. ఇంకోపక్క, రాజీనామా చేసేవాళ్లు నింపే ఎగ్జిట్ ఫారాలున్నాయి. కారణం రాయాల్సిన గడిలో దాదాపు అందరిదీ ఒకటే మాట: "వ్యక్తిగత కారణాలు". పై మెట్టు ఎక్కాలనుకున్న మనుషులు వ్యక్తిగత కారణాలతో వెళ్లిపోతున్నారన్నమాట. ఈ రెండు కాగితాల్లో ఏ ఒక్కటీ అబద్ధం అనను. హెచ్‌ఆర్ అడిగితే హెచ్‌ఆర్‌కు ఏం చెప్పాలో అదే చెప్పారు. జీతం ఇచ్చే చోట "నీ ఆశ ఏమిటి" అని ఎవరైనా అడిగితే నేనైనా అలాగే చెబుతాను.

అందుకే నర్సులతో మాట్లాడేముందు మా టీమ్‌లో ఒక మాట అనుకున్నాం. "మీ లక్ష్యం ఏమిటి", "ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు" లాంటి ప్రశ్న ఒక్కటి కూడా వేయకూడదు, జరిగిన సంగతులే చెప్పించుకోవాలి. మనిషికి తన కోరిక విడిగా గుర్తుండదు. ఏదో ఒక రోజుకో, ఒక పేషెంటుకో, ఎవరో అన్న ఒక మాటకో అంటుకుని ఉంటుంది. ఆ రోజు గురించి చెప్పమంటే దాంతోపాటే బయటికొస్తుంది.

ఈ దారి మాకు ముందే చాలామంది వేసి పెట్టారు. 1954లో జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక పద్ధతిని వివరంగా రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి సైనిక విమానదళం కోసం చేసిన పరిశోధనలోంచి పుట్టింది అది. పని బాగా చేయడమంటే ఏమిటి అని అభిప్రాయాలు అడగకుండా, బాగా జరిగిన ఘటననో బెడిసికొట్టిన ఘటననో జరిగింది జరిగినట్టు చెప్పించుకోవడం అందులో కీలకం. భాషా శాస్త్రవేత్త విలియం లబోవ్ 1960లలో న్యూయార్క్‌లో మనుషులతో మాట్లాడేటప్పుడు "ప్రాణం మీదికొచ్చిన సందర్భం ఎప్పుడైనా ఉందా?" అని అడిగేవారు. ఆ సంగతి చెప్పడంలో పడ్డాక ఎదురుగా రికార్డర్ ఉందన్న ధ్యాస మనిషికి తగ్గిపోతుంది. ఆయన 1967లో జాషువా వాలెట్స్కీతో కలిసి రాసిన పత్రంలో నాకు ఎంతో పనికొచ్చిన ఒక పరిశీలన ఉంది. కథ చెప్పే మనిషి జరిగిన సంగతుల మధ్యలో ఒకచోట ఆగి, ఇది ఎందుకు చెప్పదగ్గదో తనే విలువ కడతాడు. "అసలు సంగతేంటంటే", "నాకు అప్పుడనిపించింది" అని మనవాళ్లు అనే చోటు అదే. మేం వెతకాల్సింది కూడా అక్కడే.

నర్సింగ్ విషయంలో అయితే ఇంకా దగ్గరి ఆధారం ఉంది. పట్రీషియా బెన్నర్ 1984లో, నర్సులు స్వయంగా చెప్పిన ఘటనల ఆధారంగా, కొత్తగా చేరిన నర్సు ఆరితేరిన నర్సు అయ్యే దాకా ఐదు దశలున్నాయని చూపించారు. ఆ దశలను హోదాలతో కొలవలేదు. పేషెంటును చూసే చూపు ఎలా మారుతుందో దాన్ని బట్టి కొలిచారు. నిచ్చెన బొమ్మ పట్టుకుని వచ్చిన క్లయింటుకు మొదటి రోజే ఈ విషయం చెప్పాను. శ్రద్ధగా విన్నారు కానీ బొమ్మ పక్కన పెట్టలేదు. అది సహజమే. వేరేవాళ్ల దేశంలో నలభై ఏళ్ల కిందటి పరిశోధన వాళ్ల వార్డుకు ఎలా వర్తిస్తుందో చూపించాల్సిన బాధ్యత మాదే.

ఎక్కడ కూర్చున్నాం, ఏం అడిగాం

హెచ్‌ఆర్ గదిలో మాట్లాడబోమని పట్టుబట్టాం. హాస్టల్ మెస్‌లో, టిఫిన్ వేళ అయిపోయాక ఖాళీగా ఉండే సమయంలో కూర్చున్నాం. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మనిషిని ఆపి మాట్లాడించలేదు. మాతో గడిపిన సమయాన్ని డ్యూటీ గంటల్లో కలపాలని ముందే ఒప్పించాం. రికార్డింగులు గానీ, రాసుకున్న ప్రతులు గానీ యాజమాన్యానికి ఇవ్వబోమని ఒప్పందంలోనే రాయించాం. దీని మీద కొంత వాదన జరిగింది. "డబ్బు మేమిస్తున్నాం కదా, డేటా మాది కాదా" అని వాళ్లు అడిగారు. చెప్పిన మనిషిది అని మేమన్నాం. సమ్మతి పత్రం ఒక పేజీ, తెలుగులో, మామూలు మాటల్లో రాశాం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో చదువుకునే వీలుండాలంటోంది. చట్టం ఉన్నా లేకపోయినా, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టించుకుని మనసు విప్పమనడం నాకు సబబుగా అనిపించదు.

మొదటి ప్రశ్న ఇది: "సిస్టర్, మీ డ్యూటీలో ఒక రోజు గురించి చెప్పండి. ఆ రోజు జరిగింది ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా ఉండలేకపోయిన రోజు. పొద్దున్న రూమ్‌లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి మొదలుపెట్టండి, మాకేం తొందర లేదు."

మంచి రోజా చెడ్డ రోజా అని మేం చెప్పలేదు, ఎంచుకునేది వాళ్లే. "ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా" అన్నది కావాలనే పెట్టాం, ఎందుకంటే ఎవరికి చెప్పుకున్నారన్న దాన్ని బట్టి ఆ ఆశలో ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది. అమ్మకు చెప్పిన కథకూ, రూమ్‌మేట్‌కు చెప్పిన కథకూ తేడా ఉంటుంది. "పొద్దున్న బయల్దేరిన దగ్గర్నుంచి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో అన్న టెన్షన్ పోతుంది. ఇక ఆ తర్వాత మా పని ఊ కొట్టడమే. మధ్యలో "ఎందుకు?" అనకూడదని మా టీమ్‌కు గట్టిగా చెప్పాను. ఎందుకు అని అడగ్గానే మనిషి కథ వదిలేసి సంజాయిషీలోకి వెళ్లిపోతారు. కథ పూర్తయ్యాక, వాళ్లు వాడిన మాటనే పట్టుకుని "ఇందాక పేరు రాశారు అన్నారు కదా, దాని గురించి ఇంకాస్త చెప్పండి" అని మాత్రమే అడిగేవాళ్లం.

రెండోది, పక్కవాళ్ల మీద పెట్టి చెప్పించడం. "మీ వార్డులో ఈ నెలే చేరిన సిస్టర్ ఉన్నారనుకోండి. పదేళ్లు ఇక్కడే ఉంటే ఆమెకు ఏమేం జరుగుతుంది, ఒక్కో ఏడాదీ చెప్పండి." తన గురించి నోరు విప్పని మనిషి కూడా ఈ కొత్త అమ్మాయి గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. మూడోది, ఒక కాగితం మీద అడ్డగీత గీసి, చేరినప్పటి నుంచి ఎప్పుడు పైకి లేచిందో ఎప్పుడు కింద పడిందో గీయించడం. భవిష్యత్తు నుంచి మీకు మీరే ఉత్తరం రాసుకోండి అనే పద్ధతి డిజైన్ వర్క్‌షాపుల్లో బాగా వాడుకలో ఉంది. అది ఇక్కడ పెద్దగా పనిచేయలేదు. అందరూ స్కూల్ వ్యాసంలా రాశారు. రాసేటప్పుడు ఎవరో మార్కులు వేస్తారన్న భావన మనలో బలంగా ఉంటుంది. నోటితో చెప్పేటప్పుడు అది ఉండదు.

ఇరవై మందికి పైగా మాట్లాడారు. ఖమ్మం, నల్గొండ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. కేరళ నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. కింద చెప్పే సంఘటనల్లో మనుషులు బయటపడకుండా వార్డులు, కొన్ని వివరాలు మార్చాను.

ఆ రాత్రి కాన్యులా

పిల్లల విభాగంలో పనిచేసే ఒక సిస్టర్ చెప్పిన సంగతితో ఈ ప్రాజెక్టు దారి మారింది. "ఆ రోజు నేను ఎమర్జెన్సీ డ్యూటీలో కూడా లేను మేడమ్, పై ఫ్లోర్‌లో ఉన్నా" అని మొదలుపెట్టారు. రాత్రి రెండు దాటాక కింది నుంచి ఫోన్ వచ్చింది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయిన పసిబిడ్డ. నరం దొరకడం లేదు. ఇద్దరు ప్రయత్నించి వదిలేశారు. పైన ఉన్న సిస్టర్‌ను పిలవండి అన్నారు ఎవరో.

ఇక్కడికి రాగానే ఆమె ముందున్న స్టీలు గ్లాసు పక్కకు జరిపారు. మా టీమ్ అమ్మాయి చేతిలో పెన్ను తీసుకుని, అది కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి సూదితో నరంలోకి పెట్టే సన్నని గొట్టం, అన్నట్టు పట్టుకున్నారు. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య బిడ్డ మణికట్టును ఎలా వంచి పట్టుకోవాలో, బొటనవేలు అరచేతి కింద ఎక్కడ ఆనించాలో టేబుల్ మీద చూపించారు. "గట్టిగా పట్టుకుంటే నరం అణిగిపోద్ది. వదులు చేస్తే బిడ్డ చెయ్యి లాగేసుకుంటది. మధ్యలో ఉండాలి." అరచేతి కింది నుంచి లైటు వేసి నరం నీడ వెతికారట. పసుపు రంగు 24 గేజ్ కాన్యులా. సూది వెనక ఉన్న చిన్న గదిలో రక్తం చుక్క కనిపించేదాకా ఊపిరి బిగపట్టే ఉన్నానన్నారు. "వచ్చేసింది" అన్నప్పుడు ఆమె గొంతు మారింది.

బిడ్డ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు. తేరుకుంది, రెండ్రోజుల్లో వార్డుకు మార్చారు. కానీ కథ అక్కడ ఆగలేదు. "కేస్ షీట్‌లో ఐవీ లైన్ పెట్టారు అని రాసి డాక్టర్ గారు సంతకం చేశారు. నేను మళ్లీ పైకి వచ్చేసరికి నా పేషెంటుకు ఇవ్వాల్సిన మందు పదిహేను నిమిషాలు లేటైంది. దానికి ఇన్‌సిడెంట్ ఫారం రాశారు. దాంట్లో మాత్రం నా పేరు రాశారు."

ఆమె ఫిర్యాదు చేస్తున్న ధోరణిలో చెప్పలేదు. ఫారం రాయడం రూలే అని కూడా అన్నారు. ఆ తర్వాత మేం "పేరు రాశారు" అన్న మాట దగ్గరికి తిరిగి వెళ్లాం. అప్పటిదాకా మేడమ్ అంటున్న ఆమె అన్నారు: "ఇన్‌చార్జ్ అయితే రిజిస్టర్‌లో మన పేరుంటది కదక్కా. ఎవరు చేశారో తెలుస్తది." సర్వేలో ఇన్‌చార్జ్ మెట్టుకు టిక్కు పెట్టినవారిలో ఆమె ఒకరు. రోస్టర్లు వేయడం, స్టోర్ ఇండెంట్లు రాయడం, బంధువుల గొడవలు సర్దడం ఆమెకు ఇష్టమా అంటే అసలు ఇష్టం లేదు. చేతిలో ఉన్న నైపుణ్యానికి పేరు రావాలంటే ఆ ఆసుపత్రిలో కనిపిస్తున్న దారి ఆ ఒక్కటే, అందుకే టిక్కు పెట్టారు.

ఇది విన్నాక మిగతా కథలను వేరే చెవితో వినడం మొదలుపెట్టాం.

గుండె ఐసీయూలో పనిచేసే ఒక యువతి కూర్చోగానే "నేను జర్మనీ వెళ్లిపోతా మేడమ్, బీ1 అయిపోయింది, బీ2 రాయాలి" అన్నారు. అవి జర్మన్ భాషా పరీక్షల స్థాయిలు. యాజమాన్యం దృష్టిలో ఇది డబ్బు కేసు. డబ్బు నిజమే, బీఎస్సీ నర్సింగ్ కోసం నాన్న చేసిన అప్పు ఇంకా ఉంది. కానీ ఆమె చెప్పిన కథలో పదేపదే వచ్చిన మాట యూరోల గురించి కాదు. అక్కడికి వెళ్లిన బ్యాచ్‌మేట్ వీడియో కాల్‌లో చెప్పిందట, రౌండ్స్‌లో డాక్టర్ ఆమెను అడిగాడని: రాత్రంతా నువ్వే చూశావు కదా, నీకేమనిపిస్తోంది? ఈ మాటను ఆమె మూడుసార్లు తిరిగి చెప్పారు. ఆ తర్వాతే తన కథ వచ్చింది. ఒక రాత్రి పేషెంట్ ఊపిరి వేగం కొంచెం కొంచెంగా పెరగడం, దుప్పటి లాగేసుకుంటూ అసహనంగా కదలడం ఆమె గమనించారు. చెప్పారు. మానిటర్‌లో అంతా బాగానే ఉంది కదా అన్నారు. తెల్లారేసరికి పరిస్థితి చేయి దాటేదాకా వచ్చింది. "నేను ముందే చెప్పాను" అన్న వాక్యం ఆ కథ మధ్యలో ఒంటరిగా వచ్చింది, ముందూ వెనకా ఏ వివరణా లేకుండా.

ఇంకొకరు వార్డు ఇన్‌చార్జ్, చాలా ఏళ్ల సీనియర్. సూపర్‌వైజర్ పోస్టు ఇస్తామంటే రెండుసార్లు వద్దన్నారు. హెచ్‌ఆర్ పట్టికలో ఆమె "ఎదగాలన్న ఆసక్తి లేనివారు" అన్న గడిలో ఉన్నారు. ఆమె ఎంచుకున్న రోజు ఏదంటే, తను నేర్పిన జూనియర్ ఒకమ్మాయి ఆగిన గుండెకు మొదటిసారి సొంతంగా సీపీఆర్ నడిపించిన రోజు. గది తలుపు దగ్గర నిలబడి లోపలికి వెళ్లకుండా తనను తాను ఆపుకున్నానని చెప్పారు. ఆ కథలో ఆమె చేసిన పని ఏదీ లేదు, చూస్తూ నిలబడ్డారంతే. కానీ అంత గర్వం మేం విన్న ఇంకే కథలోనూ వినలేదు. ఇలాంటి మనిషిని ఆసక్తి లేనివారి గడిలో పెట్టిన పట్టికను నమ్మి యాప్ కట్టబోయాం అనుకుంటే బాధేసింది.

గీత గీసే పద్ధతిలో తేలిన విషయం వేరే. కొత్తగా చేరిన ఒక జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) సిస్టర్ గీతలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఉద్యోగం వచ్చిన రోజు కాదు. బ్యాంకులో కుదువ పెట్టిన అమ్మ నగలు విడిపించిన రోజు. దాని పక్కనే చిన్న అక్షరాలతో "గవర్నమెంట్ జాబ్" అని రాసి, "ఇది అమ్మది" అన్నారు. ప్రభుత్వ స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్, ఎయిమ్స్ వాళ్ల నార్‌సెట్ పరీక్ష, వీటికి చదవడం తన కోసం కాదని కాదు. అయితే ఒక ఉద్యోగి ఆశ అని మనం రాసుకునే దానిలో ఇంట్లో నలుగురి ఆశలు కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడాలనుకోవడం కూడా సరి కాదేమో.

దారులు కనిపించకపోవడం

"కొత్త సిస్టర్ పదేళ్ల కథ" చెప్పినవాళ్లందరి కథలూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే ఒకరు చెప్పింది ఇంకొకరు విన్నారా అనిపించింది. రెండేళ్లు చేస్తుంది, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకుంటుంది, తర్వాత గవర్నమెంట్ జాబ్, లేకపోతే ఫారిన్, అదీ కాకపోతే పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండి ఎప్పటికో ఇన్‌చార్జ్ అవుతుంది. మూడే దారులు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగానో, నర్స్ ఎడ్యుకేటర్‌గానో, డయాలసిస్, క్యాన్సర్ లాంటి విభాగంలో నిపుణురాలిగానో ఎదిగే కథ ఒక్కరూ చెప్పలేదు. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని భారత నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ల పీజీ కోర్సు తెచ్చిందన్న సంగతి ఐసీయూ వాళ్లలో కూడా చాలామంది వినలేదు.

మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై, ముంబై బస్తీ సంఘాల పనిని దగ్గరగా చూసి, 2004లో ఒక మాట చెప్పారు. ఆశపడగలగడం కూడా ఒక సామర్థ్యమే, అది సమాజంలో అందరికీ సమానంగా అందలేదు అని. ఉన్నవాళ్లకు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎలా వెళ్లొచ్చో చుట్టూ ఎన్నో ఉదాహరణలు కనిపిస్తాయి. లేనివాళ్లకు కొన్నే కనిపిస్తాయి. నర్సులకు ఆశ తక్కువ కాలేదు. ఆ దారిలో నడిచిన మనిషి కథ వాళ్ల చెవిన పడలేదు. సర్వేలో ఆప్షన్లు పెంచితే ఇది తీరేది కాదు.

కథల్లోంచి డిజైన్‌కు

రికార్డింగులను మేమే విని, మేమే రాసుకున్నాం. యంత్రంతో రాయించి చూశాం కానీ తెలుగు, ఇంగ్లిష్, మందుల పేర్లు కలిసిన మాటల్లో అది తడబడింది. అంతకంటే పెద్ద ఇబ్బంది, సారాంశం తీసే టూల్స్ ఆగిన చోట్లను, తిరిగి తిరిగి చెప్పిన వాక్యాలను అనవసరమని తీసేస్తాయి. మాకు కావాల్సింది అవే. ప్రతి కథలో మూడు చోట్లు గుర్తు పెట్టాం: చెప్పేవారు నెమ్మదించి వివరంలోకి దిగిన చోటు, తనకేమనిపించిందో చెప్పిన చోటు, కథలో ఆమె కాక పని చేసిన ఇంకో మనిషి కనిపించిన చోటు. ఆ తర్వాత ఆ చోట్లలోని క్రియలను మాత్రం గోడ మీద పెట్టాం. పిలిచారు. అడిగారు. రాశారు. సంతకం పెట్టారు. నేర్పాను. చెప్పాను, వినలేదు. "ఎక్కాను", "ప్రమోట్ అయ్యాను" అన్న క్రియ ఎత్తైన చోట ఎక్కడా రాలేదు. నిచ్చెన బొమ్మను పక్కన పెట్టడానికి మాకు దొరికిన బలమైన ఆధారం ఈ గోడే.

తర్వాత ప్రతి సిస్టర్ దగ్గరికీ వెళ్లి ఆమె కథను మేం రాసుకున్న తీరులో చదివి వినిపించాం. ఒకరు ఒక వాక్యం తీసేయమన్నారు, తీసేశాం. కాన్యులా సిస్టర్ ఫ్లోర్ మాత్రం మార్చమని, మిగతాది ఉన్నదున్నట్టు చెప్పమని అన్నారు. ఇలా వినిపించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. మనిషి నమ్మి చెప్పిన సంగతి మీద ఆఖరి మాట ఆ మనిషిదే కావాలి.

యాజమాన్యం ముందు పెట్టేటప్పుడు గ్రాఫులు, పర్సోనా కార్డులు (వాడుకరుల్లో ఒక్కో రకానికి ఒక ఊహాత్మక మనిషిని రాసి చూపే కార్డులు) చూపించలేదు. రెండు మూడు కథలను ఒక్కటిగా కలిపి, వివరాలు మార్చి, అలా తయారైన మూడు కథలను బిగ్గరగా చదివాను. ఫోన్లు పక్కన పెట్టమని ముందే కోరాం. ఇన్‌సిడెంట్ ఫారం దగ్గరికి వచ్చేసరికి మెడికల్ డైరెక్టర్ "ఇది మన దగ్గర జరిగిందా?" అని అడిగారు. ఎక్కడ, ఎవరు అన్నది చెప్పలేనన్నాను. అప్పుడు నర్సింగ్ సూపరింటెండెంట్ గారు ఒక ఫైల్ తెప్పించారు. ఆసుపత్రుల నాణ్యతను పరీక్షించే ఎన్‌ఏబీహెచ్ బోర్డు ఇచ్చే గుర్తింపు కోసం ప్రతి నర్సుకూ ఏయే పనులు సొంతంగా చేసే అర్హత, అనుమతి ఉన్నాయో రాసి పెట్టాలి. ఆ జాబితా ప్రతి ఒక్కరి పర్సనల్ ఫైల్‌లో ఉంది. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు బయటికి తీస్తారు, తర్వాత బీరువాలోకి పోతుంది. ఎవరికి ఏం వచ్చో రాసిన కాగితం ఆసుపత్రి దగ్గరే ఉంది, ఆ పని వచ్చిన మనిషి మాత్రం దాన్ని ఎన్నడూ చూడలేదు. డిజైన్‌కు మాకు కావాల్సిన పునాది అక్కడే దొరికింది.

ఫైనాన్స్ వైపు నుంచి వచ్చిన అభ్యంతరం గట్టిదే. నైపుణ్యాలన్నీ చక్కగా రాసి, సంతకాలు పెట్టి చేతికిస్తే, విదేశాలకు వెళ్లడానికి మనమే దారి వేసినట్టు కాదా? కాదని నేను దబాయించలేదు. కొందరికి నిజంగానే తోడ్పడుతుంది. కానీ వెళ్లేవాళ్లు ఓఈటీ (వైద్యరంగం వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) రాసో, బీ2 పాసయ్యో ఎలాగూ వెళుతున్నారు. ఇక్కడ ఉన్న రెండేళ్లూ వాళ్లను పేరు లేని చేతులుగా ఉంచి సాధించేదేమిటని అడిగాను. నేర్పే ఇన్‌చార్జ్‌లు ఎక్కడికీ వెళ్లడం లేదని, వాళ్లకు ఇప్పటిదాకా ఏం ఇచ్చామని సూపరింటెండెంట్ గారు అన్నారు. ఆ మాటే నా వాదన కంటే ఎక్కువ పనిచేసింది.

చివరికి "కెరీర్" స్క్రీన్‌లో నిచ్చెన లేదు. మొదటి పేజీ పేరు "నా పని". ఎన్‌ఏబీహెచ్ ఫైల్‌లోని నైపుణ్యాల జాబితా అక్కడ కనిపిస్తుంది, ఎవరు పరీక్షించి సంతకం చేశారో కూడా. వేరే వార్డు నుంచి పిలిస్తే వెళ్లి చేసిన పనిని రెండు ట్యాపులతో నమోదు చేయొచ్చు. పిలిచినవాళ్లు ధ్రువీకరిస్తే అది ఆమె పేరు మీద నిలుస్తుంది, ఆ సమయంలో తన వార్డులో ఆలస్యమైతే ఫారంలో ఆ కారణం కూడా చేరుతుంది. మొత్తాన్ని పీడీఎఫ్‌గా ఎప్పుడైనా దింపుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేర్పించడాన్ని విడిగా గుర్తించే దారి ఒకటి పెట్టాం. మూడో పేజీలో, ఆ గ్రూపులోనే ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లో, డయాలసిస్‌లో, ట్రైనింగ్‌లో పనిచేస్తున్న నర్సులు తాము అక్కడికి ఎలా వచ్చారో సొంత గొంతుతో చెప్పిన చిన్న ఆడియోలున్నాయి. వాళ్లలో ఒకరితో ఒక షిఫ్టు గడిపే వీలు అడగొచ్చు. రౌండ్స్‌లో నర్సు పరిశీలన చెప్పడానికి కేస్ షీట్‌లో ఒక గడి కావాలన్నది యాప్ పరిధి దాటిన విషయం. అయినా నివేదికలో రాశాం. ఒక ఐసీయూలో ఆ గడి పెట్టి చూస్తున్నారు.

జీతం సంగతి దాచి ఈ కేసు చెప్పడం తప్పు. దాదాపు ప్రతి కథలోనూ అది ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల వేతనాల మీద సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు కేంద్రం వేసిన కమిటీ 2016లోనే సిఫారసులు చేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలన్నది అందులో ఒకటి. ఎంత మంచి స్క్రీన్ అయినా ఆ లోటు పూడ్చదని నివేదిక మొదటి పేజీలోనే రాశాం. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని అట్టిపెట్టుకునే పద్ధతి ఆపేయాలని కూడా రాశాం. రిజిస్ట్రేషన్ కోసమో, పరీక్ష ఫారం కోసమో సొంత కాగితాన్ని బతిమాలి తీసుకోవాల్సి వచ్చిన రోజును తమ కథగా ఎంచుకున్నవాళ్లు ఉన్నారు. సర్టిఫికెట్లు వెనక్కి ఇచ్చేయడం మొదలైంది. జీతాల మీద మాత్రం ఇంకా ఏ నిర్ణయమూ రాలేదు.

ఏజెన్సీ ద్వారా వచ్చిన నర్సులు, వార్డు ఆయాలు ఆ గ్రూపు జీతాల పట్టీలో లేరు కాబట్టి యాప్‌లోనూ లేరు. వాళ్లతో మాట్లాడటానికి అనుమతి ఇప్పుడు వచ్చింది. ఆయాల విషయంలో రాతపూర్వక సమ్మతి పత్రం బదులు చదివి వినిపించి గొంతు రికార్డు చేసే పద్ధతి తయారు చేస్తున్నాం, ఏజెన్సీ సూపర్‌వైజర్ కనబడని చోటు ఒకటి వెతుకుతున్నాం.